వారం మధ్యలో అన్నం పెట్టే హోటల్

మా ప్రాంతపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక కుర్రాడు ప్రశ్న వేశాడు. డెట్రాయిట్‌కు ఉద్యోగం మీద కొత్తగా వచ్చాడు, వంట రాదు. "బిర్యానీలు కాదండీ. మామూలు అన్నం, పప్పు, ఏదో ఒక పచ్చడి. రోజూ తిన్నా ఒంటికి పడేది ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి శివారు ఊళ్ల తెలుగు హోటళ్ల పేర్లు వరసగా వచ్చి పడ్డాయి. నేను డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హామ్‌ట్రామిక్ అనే చిన్న ఊళ్లో, కోనంట్ వీధిలో ఉన్న ఒక బంగ్లాదేశీ హలాల్ హోటల్ పేరు రాశాను.

అంతటితో ఆ కుర్రాడి ఆకలి సంగతి అందరూ మరిచిపోయారు. హలాల్ హోటలా అని ఒకరు. అక్కడ గొడ్డుమాంసం వండుతారు తెలుసా అని ఒకరు. మనవాళ్ల హోటళ్లుండగా వాళ్లకెందుకు డబ్బులు పోయడమని మరొకరు. కొందరు 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం పడిపోయాక బంగ్లాదేశ్‌లో హిందువుల ఇళ్ల మీద జరిగిన దాడుల వీడియోలు పెట్టారు. ఒకాయన మాత్రం నెమ్మదిగా, "మీకు నచ్చితే తినండి. రోజూ తినే మన భోజనం కావాలని అడిగినవాడికి అది ఎందుకు చెప్పారు?" అని అడిగారు. జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది. గ్రూపులో నాలుగు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా వాదన ఇది. అది మన భోజనం కాదు, నిజమే. కానీ రోజూ తినే భోజనం ఈ చుట్టుపక్కల హోటళ్లలో ఎక్కడైనా ఉందంటే అక్కడ ఉంది. మన తెలుగు హోటళ్లలో లేదు. మన వంటవాళ్లకు చేతకాక కాదు. మన హోటళ్లకు ఎవరు, ఏ రోజున, ఏ పని ముగించుకుని వస్తారన్న దగ్గర ఉంది అసలు తేడా.

గోడ మీద ఒకటి, గాజు వెనక ఒకటి

లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గోడ మీద వెలిగే బోర్డు ఉంటుంది. గైరో, చికెన్ వింగ్స్, ఫిలీ చీజ్‌స్టీక్, బర్గర్లు, పిజ్జా. పిజ్జా మీద పెపరోనీ కూడా ఉంది, పంది బదులు గొడ్డుమాంసంతో చేసింది. బోర్డంతా ఇంగ్లీషులో, ధరలతో సహా. దాని కిందే గాజు అరలో, ఆవిరి మీద వరసగా స్టీలు ట్రేలు. వాటికి పేర్లూ ధరలూ ఉండవు. వేలు పెట్టి చూపించడమే. అమీర్‌పేటలో కర్రీ పాయింట్ ముందు నిలబడినవాళ్లకు ఈ పద్ధతి ఎవరూ నేర్పక్కరలేదు.

ఆ ట్రేలలో పల్చటి మసూర్ పప్పు ఉంటుంది, వెల్లుల్లి, ఎండుమిరపకాయల తాలింపుతో. ఎర్ర తోటకూర వేపుడు, గుమ్మడికాయ కూర, రుయి చేప పులుసు ఉంటాయి. రుయి అంటే మన శీలావతే. కోడి, మేక, ఆ పక్కన నల్లగా వేగిన చిట్టగాంగ్ వారి గొడ్డుమాంసం కాలా భునా. వీటన్నిటికీ అవతల చిన్న గిన్నెల్లో భొర్తాలు: ఉడకబెట్టిన బంగాళాదుంప ఒకటి, కాల్చిన వంకాయ ఒకటి, ఎండుచేప ఒకటి. వేయించిన ఎండుమిరపకాయ, పచ్చి ఉల్లిపాయ, ఉప్పు, పచ్చి ఆవనూనె వేసి చేత్తో మెదిపినవి. ఆవపిండి ఘాటు ఆవకాయతో అలవాటైన నాలుకకు ఆ నూనె వాసన కొత్తగా తగలదు. (ఈ దేశంలో అమ్మే ఆవనూనె సీసాల మీద "ఒంటికి రాసుకోవడానికి మాత్రమే" అన్న చీటీ ఉంటుంది. దానిలోని ఎరూసిక్ ఆమ్లం వల్ల వంటనూనెగా ఇక్కడి ఆహార శాఖ ఒప్పుకోదు. కోనంట్ వీధిలో ఆ సీసాలు అంతంత ఖాళీ అవుతున్నాయంటే బంగ్లాదేశీలు ఒంటికి తెగ రాసుకుంటున్నారనుకోవాలి.)

పిల్లలు బోర్డు చూసి చెబుతారు, తండ్రులు గాజు చూసి చెబుతారు. ఒకే బల్ల మీద కొడుకు ముందు వింగ్స్, తండ్రి ముందు అన్నం, ఎండుచేప భొర్తా. నాతో వచ్చిన ఒక మిత్రుడికి ఇది అసలు నచ్చలేదు. "ఏదో ఒకటి తేల్చుకోవాలి కదా, ఇది బంగ్లాదేశీ హోటలా, పిజ్జా కొట్టా?" అన్నాడు. నా లెక్క వేరు. యెమెన్ కుటుంబాలు, బోస్నియా వాళ్లు, నల్లజాతి ముస్లింలు, పక్క బడి పిల్లలు బోర్డు కోసం వస్తారు. అద్దె, కరెంటు ఖర్చులు బోర్డు మోస్తుంది. అది ఉండబట్టే గాజు వెనక పప్పు తక్కువ ధరకు, పేరు లేకుండా, ఎవరికీ వివరించాల్సిన అవసరం లేకుండా బతుకుతోంది. పెట్టినది ఏమిటో తెలియనివాడు అడగనే అడగడు, బోర్డు చూసుకుంటాడు. కాబట్టి ఎండుచేప వాసనను ఎవరికోసమూ తగ్గించాల్సిన పని లేదు.

ఇంకొక ఆనవాలు: చేతులు కడుక్కునే కుళాయి భోజనశాలలోనే, బల్లల పక్కన ఉంటుంది. మరుగుదొడ్డి లోపల కాదు. ఇది మన ఊళ్లలో ప్రతి మెస్సులోనూ ఉన్నదే. మిచిగన్‌లో నేను తిన్న తెలుగు హోటళ్లలో మాత్రం చూడలేదు. వాటిలో బల్ల మీద కాగితపు రుమాలులో చుట్టిన ఫోర్కు ఉంటుంది. చేత్తో తినే మనిషి రోజూ వస్తాడని నమ్మినవాడే కుళాయి గోడ బయట పెడతాడు.

రెండో షిఫ్టు

హామ్‌ట్రామిక్ చుట్టూ దాదాపు అన్ని వైపులా డెట్రాయిటే. రెండు చదరపు మైళ్ల పట్టణం. డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీ 1980లో మూతపడేదాకా అది పోలిష్ కార్మికుల ఊరు. పోలండ్‌కు చెందిన పోపు రెండో జాన్ పాల్ 1987లో ఇక్కడికి వచ్చి వెళ్లారు, జోసెఫ్ కాంపో వీధిలో ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది. 1990ల నుంచి న్యూయార్క్ అద్దెలు భరించలేని బంగ్లాదేశీలు, ఎక్కువగా ఆ దేశపు సిల్హెట్ ప్రాంతం వాళ్లు, పోలిష్ పిల్లలు ఖాళీ చేసి వెళ్లిన చవక ఇళ్లలో దిగారు. కారు విడిభాగాల కార్ఖానాల్లో పని దొరికింది. కోనంట్ వీధిలో కొంత భాగానికి 2008లో బంగ్లాదేశ్ అవెన్యూ అన్న గౌరవనామం పెట్టారు. నేను ఇక్కడ మతసామరస్యపు పోస్టరు గీయడం లేదు. ప్రభుత్వ ఆస్తుల మీద ప్రైడ్ జెండా (స్వలింగ సంపర్కుల హక్కుల జెండా) ఎగరకూడదని 2023లో తీర్మానం చేసినది ఈ ఊరి పాలకమండలే. ఊరన్నాక తగువులుంటాయి. నా మాట భోజనం వరకే.

ఆ కార్ఖానాల షిఫ్టులే ఈ హోటల్ వేళల్ని నిర్ణయించాయి. మధ్యాహ్నం మూడుకు దిగేవాళ్లు, రాత్రి పదకొండుకు దిగేవాళ్లు. మంగళవారం, బుధవారం అన్న తేడా లేదు. అలాంటి మనిషికి కావలసింది వేడి అన్నం, పప్పు, ఒక కూర, నాలుకకు తగిలే కారం. పది పన్నెండు డాలర్లు దాటకూడదు. నిన్నటి పప్పు, మొన్నటి పప్పు అతనికి గుర్తుంటాయి. ఏడాదికోసారి వచ్చేవాడి ముందు జీడిపప్పు ముద్ద, మీగడ, రంగు వేసి లోపాలు దాచవచ్చు. రోజూ తినేవాడి ముందు ఆ ఆటలు సాగవు. రెండోసారికే పొట్ట చెబుతుంది.

మనం వచ్చిన దారి వేరు

ఇక్కడికి ఎలా వచ్చామన్నదే ఏం తింటున్నామన్నదాన్ని నిర్ణయించిందని నా అనుమానం. 1990 వలస చట్టం తెచ్చిన వీసా లాటరీ బంగ్లాదేశీలకు పెద్ద తలుపు తెరిచింది. లాటరీకి ఇంటర్ చదువు చాలు. ఒకరికి తగిలితే వెనక తమ్ముడు, తల్లి, బావమరిది. వలసల సంఖ్య ఎక్కువైందని బంగ్లాదేశ్‌ను 2013 నుంచి ఆ జాబితాలోంచి తీసేశారు కానీ అప్పటికే వీధులు ఏర్పడ్డాయి. భారతీయులకు ఆ లాటరీ లేదు. మనం పట్టా చేతబట్టుకుని హెచ్-1బీ మీద వచ్చాం. వచ్చీరాగానే జీతం, కొన్నాళ్లకు శివారులో ఇల్లు, ఆ ఇంట్లో పెద్ద వంటగది. ఆ వంటగదిలో హెచ్-4 వీసా మీద వచ్చిన భార్య. ఆమె ఎంత చదువుకున్నా ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 2015లో కొందరికి సడలింపు వచ్చింది, అదీ భర్త గ్రీన్‌కార్డు కాగితాలు ఒక దశ దాటితేనే. మన సోమవారం నుంచి శుక్రవారం దాకా పప్పు, కూర, చారు ఆ వంటగదిలోనే ఉడికాయి. ఇక హోటల్ దేనికి? శనివారం రాత్రికి, పుట్టినరోజుకి, ఊరి నుంచి వచ్చిన చుట్టాలకి.

శనివారం హోటల్ పప్పు వండదు, బిర్యానీ వండుతుంది. గోంగూర బిర్యానీ, ఆవకాయ బిర్యానీ, ఉలవచారు బిర్యానీ, పనసకాయ బిర్యానీ. అన్నంలో కలుపుకుని తినాల్సిన ప్రతి పదార్థాన్నీ బిర్యానీలో కలిపేశాం, అన్నం విడిగా పెట్టడం ఒక్కటి తప్ప. ఆదివారం అరిటాకు భోజనం పెడుతున్నారు కదా అంటారు. పెడుతున్నారు. రెండు స్వీట్లు, పులిహోర, గారె, అప్పడం, వడియం. అది పెళ్లి భోజనం. బుధవారం రాత్రి పని దిగి వచ్చినవాడు పెళ్లి భోజనం చేయలేడు.

మరి విద్యార్థుల మాటేమిటి? ఈ రాష్ట్రంలో ఎమ్మెస్ చదివే తెలుగు పిల్లలకు కొదవ లేదు, వాళ్లకు డబ్బు కరవే, ఇల్లు దూరమే. వాళ్లు మనకు రెండో షిఫ్టు కార్మికులు కావలసింది. కాలేదెందుకంటే నలుగురైదుగురు ఒక అపార్టుమెంటులో చేరి ఫ్రిజ్ మీద వంతుల పట్టిక అంటించుకుంటారు. వంట వచ్చినవాడు వండుతాడు, రానివాడు గిన్నెలు కడుగుతాడు. ఉద్యోగం రాగానే ఆ పట్టిక చింపి శనివారం హోటల్‌కు చేరతారు.

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ వేరే చోట ఉంది. మన ఇంటి వంట అమ్మకానికి లేదనడం పూర్తి నిజం కాదు. ఎండురొయ్యల పొడి, గోంగూర పచ్చడి, సోమవారానికి సాంబారు డబ్బా, ఇవన్నీ శివారు ఇళ్లలో, గరాజ్ తలుపు దగ్గర చేతులు మారుతూనే ఉన్నాయి. ఫోన్ నంబరు తెలిసినవాళ్లకే తెలుసు. పేరుపలక లేదు, కుర్చీ లేదు. అమ్మే ఆవిడ వీసా కాగితాల గురించి ఎవరూ నోరు విప్పరు. అంటే మన దగ్గర కూడా గాజు అర ఉంది, దాన్ని వీధిలో పెట్టలేకపోయాం. కొత్తగా వచ్చినవాడికి, ఎవరి నంబరూ తెలియనివాడికి అది లేనట్టే.

ఎవరి చేతి వంట

ఇలా పొగుడుతూ పోతే దాచేసేది ఒకటి ఉంది. భొర్తాలు ఎవరు చేస్తారని ఒకసారి గల్లాపెట్టె దగ్గరున్న అబ్బాయిని అడిగాను. వాళ్లమ్మ. తెల్లవారుజామున నమాజు అయ్యాక మొదలుపెడితే పది దాకా ఆ పనేనట. జీతమెంత అని అడగబోయి ఆగాను. ఆ కుర్రాడి ముఖంలో ఆ ప్రశ్నకు చోటే లేదు. అమ్మకు జీతమేమిటి?

పన్నెండు డాలర్లలో అన్నం వస్తోందంటే ఆ లెక్కలో ఒక మనిషి పని రాసి ఉండదు. మన శివారు వంటగదిలోనూ రాసి ఉండదు. శనివారం హోటల్‌లో ఉల్లిపాయలు తరిగేవాడికి కనీసం గంటకింత అని ఉంటుంది, చాలకపోయినా. ఈ పోలిక నన్ను ఇబ్బంది పెడుతుంది. హోటల్ భోజనానికి "అమ్మ చేతి వంట" అన్న మెప్పు ఇచ్చేటప్పుడు ఆ అమ్మ ఎన్నింటికి లేచిందో కూడా అడగాలి. అడిగినా ఆ భొర్తా నాకు నచ్చుతూనే ఉంది. రెండూ నిజాలే, వాటి మధ్య రాజీ నాకు దొరకలేదు.

శుభ్రత మాటకొస్తే, బల్ల తుడిచే గుడ్డ నాకూ నచ్చదు. మన హోటళ్ల వంటగదుల్లోకి తొంగిచూసినవాళ్లు ఆ మాట మీద వాదన పొడిగించరని వదిలేస్తున్నాను.

హలాల్ గురించి, గొడ్డుమాంసం గురించి

ఈ రెండింటినీ కలిపి తిట్టడం అలవాటైంది కానీ ఇవి వేర్వేరు సంగతులు.

హలాల్ అన్న మాటకు ఉలిక్కిపడే తెలుగువాళ్లను చూస్తే నాకు నిజంగానే ఆశ్చర్యం. మా ఆవిడది నల్గొండ వైపు పల్లె. వాళ్ల తాతగారి రోజుల్లో ఇంట్లో కోడిని కోయాలంటే ఊరి ముల్లాను పిలిచి హలాల్ చేయించేవారు. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల అది మామూలు సంగతి, అతనికి రావాల్సింది అతనికి ఇచ్చేవారు. హైదరాబాద్‌లో మాంసం కొని పెరిగినవాళ్లు తిన్నదీ ఎక్కువగా అదే. ఇక అమెరికాలో మామూలు సూపర్‌మార్కెట్‌లో మేకమాంసం దొరకడమే అరుదు. దసరాకు మటన్ కావాలంటే హలాల్ కొట్టుకే వెళతాం. గ్రూపులో హలాల్ మీద అందరికన్నా గట్టిగా రాసిన పెద్దమనిషిని కిందటి పండక్కి కలిసింది హలాల్ మాంసం కొట్టు వరసలోనే. నా ముందు నిలబడి "ముక్కలు చిన్నవిగా కొట్టు భాయ్" అంటున్నారు. సిక్కు మిత్రులకు హలాల్ మాంసం నిషిద్ధం. వాళ్లు ఆ హోటల్‌కు రారు, మాంసం కొట్టుకూ వెళ్లరు. వాళ్ల అభ్యంతరానికి నేను తలవంచుతాను.

గొడ్డుమాంసం సంగతి వేరు. తినని మనిషికి ఒక ట్రేలో గరిటె ఇంకో ట్రేలో పడుతుందేమో అన్న బెంగ ఉంటుంది, దాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. మా అమ్మ కిందటేడు వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఆవిడది గోదావరి ఒడ్డు, చేప అంటే ప్రాణం, గొడ్డుమాంసం మాట వింటేనే ముఖం తిప్పుకుంటుంది. గల్లా దగ్గరి అబ్బాయి అడగకముందే చెప్పాడు, కుడివైపు చివరి మూడు ట్రేలు గొడ్డుమాంసం, వాటి గరిటెలు వేరు అని. అమ్మ ఆ మాటను సగమే నమ్మింది. కోడి, మేక జోలికి పోలేదు. అన్నం, పప్పు, ఆవపిండి ముద్దలో వండిన ఇలిశ చేప చాలంది. ఆ చేప మన పులసే, ఒకటే జాతి. అయినా మొదటి ముద్దకే తీర్పు చెప్పేసింది: గోదావరి ఎర్రనీరు ఎక్కితేనే పులస, ఇది ఐసులో నిద్రపోయి వచ్చిన చేప, పైగా చింతపండు లేదు. బంగ్లాదేశ్‌లో పద్మా నది వాళ్లు ఇలిశకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నారు, వాళ్ల లెక్కలో మన గోదావరి చేపే రెండో రకం. ఈ తగువు నేను తీర్చలేను. ముళ్లు మాత్రం ఒక్కటి మిగలకుండా పళ్లెం అంచున పేర్చింది. బయటికొచ్చాక "మళ్లీ వస్తే ఇంటి నుంచి చింతపండు తెచ్చుకోవచ్చా?" అని అడిగింది.

వీడియోలు పెట్టినవాళ్లకు ఒక మాట. అక్కడ దాడులు జరిగాయి, బాధితులున్నారు, వాళ్ల తరఫున మాట్లాడవలసిందే. కోనంట్ వీధిలో పాతికేళ్లుగా పప్పు వండుతున్న కుటుంబాన్ని ఆ లెక్కలోకి లాగితే బంగ్లాదేశ్‌లోని ఖుల్నాలో ఎవరికీ న్యాయం జరగదు. మనవాళ్లెవరో చేసిన చేష్టలకు ఇక్కడ మనందరినీ ఎవరైనా అలా కలిపి లెక్కగడితే ఎలా ఉంటుందో ఆలోచించుకోవచ్చు.

ట్రాయ్ శాఖ

బంగ్లాదేశీలు హోటళ్లు నడపడం కొత్త కాదు. కలకత్తా నుంచి ఓడల్లో బొగ్గు వేస్తూ వెళ్లి రేవుల్లో దిగిపోయిన సిల్హెట్ వాళ్ల దగ్గర మొదలైంది ఆ కథ. బ్రిటన్‌లో "ఇండియన్" అన్న పేరుపలక ఉన్న హోటళ్లలో ఎక్కువ భాగం వాళ్లవే. న్యూయార్క్‌లో మన్‌హాటన్ ఆరో వీధిలోనూ ఒకప్పుడు అంతే. దశాబ్దాలపాటు వేరే దేశం పేరు తగిలించుకుని, వేరేవాళ్ల నాలుకకు నచ్చేలా మీగడ కూరలు వండారు, తాము తినేది వంటగది వెనక తిన్నారు. ఆ వెనక గిన్నె ముందు గాజులోకి వచ్చిన చోటే కోనంట్ వీధి. అందుకే ఆ గల్లా దగ్గరి అబ్బాయి పథకం విన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది. ట్రాయ్‌లో రెండో హోటల్ పెడతాడట. గైరో, నాగా మిరపకాయల వింగ్స్, బర్గర్, మామిడి లస్సీ. గాజు అర ఉండదు.

భొర్తా ఎందుకు తీసేస్తున్నావని అడిగాను. "అక్కడ మంగళవారం అన్నం తినడానికి ఎవరొస్తారు?" అన్నాడు. ఇంతసేపు నేను రాసిన వాదనంతా అతను వ్యాపారం లెక్కలో ఒక్క వాక్యంలో చెప్పేశాడు. నేను వస్తానన్నాను. "మీరొక్కరు వస్తే ఎలా అంకుల్, ఇంకో నలభై మందిని తీసుకురండి, అమ్మతో చెప్పి పెట్టిస్తా" అన్నాడు. ట్రాయ్‌లో ఆదివారం రమ్మంటే నాలుగు వందల మందిని తేగలను. మంగళవారానికి మాత్రం ఇప్పటిదాకా ఏడుగురు ఒప్పుకున్నారు, వాళ్లలో ఇద్దరు వాయిదా అడుగుతున్నారు.